పరిశ్రమ కోడ్‌ను నమ్మి మార్కెట్ నివేదిక రాయవచ్చా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం)

నమస్కారం. చిన్న సంస్థలకు మార్కెట్ నివేదికలు రాసిపెట్టడం నా వృత్తి. ఈ మధ్య ఎవరి నివేదిక చూసినా ఒకటే పద్ధతి కనిపిస్తోంది. కంపెనీల జాబితా తెచ్చుకుంటారు, ప్రతి కంపెనీ గుర్తింపు సంఖ్యలో, అంటే సీఐఎన్‌లో ఉండే పరిశ్రమ కోడ్‌ను బట్టి వేరు చేస్తారు, "ఈ రంగంలో ఇన్ని కంపెనీలు" అని తేల్చేస్తారు. ఇది మానుకోవాలని నా వాదన.

సీఐఎన్‌లో 21 స్థానాలుంటాయి. మొదటి అక్షరం కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైందో లేదో చెబుతుంది. తరువాతి అయిదు అంకెలు పరిశ్రమ కోడ్. ఆపైన రాష్ట్రం, స్థాపించిన ఏడాది, కంపెనీ రకం, నమోదు సంఖ్య. ఇన్ఫోసిస్‌కు ఆ అయిదు అంకెలు 85110. 2004 జాతీయ పారిశ్రామిక వర్గీకరణ, అంటే ఎన్‌ఐసీ ప్రకారం 8511 అంటే ఆసుపత్రులు. 2008 ఎన్‌ఐసీలో 85 అంటే విద్య. టీసీఎస్‌ది 22210. పాత పట్టికలో అది ముద్రణ, కొత్త పట్టికలో 22 అంటే రబ్బరు, ప్లాస్టిక్. ఏ పట్టిక ముందు పెట్టుకున్నా సాఫ్ట్‌వేర్ అన్న మాట రాదు. దేశంలో అందరికీ తెలిసిన ఈ రెండు సంస్థలే జల్లెడలోంచి జారిపోతుంటే, ఎవరికీ పేరు తెలియని చిన్న కంపెనీల లెక్కను ఎలా నమ్మాలి?

గణాంక విద్యార్థిని

మీ ఉదాహరణలు నిజమే. కానీ వాటిని చూపి కోడ్‌లనే పక్కన పెట్టమంటే ఒప్పుకోలేను. ఎన్‌ఐసీ ఎవరో తోచినట్టు రాసుకున్న జాబితా కాదు. 2008 నాటిది ఐక్యరాజ్యసమితి వర్గీకరణ నాలుగో సవరణను అనుసరించింది. 21 విభాగాలు, వాటి కింద 88 రెండంకెల కోడ్‌లు, చివరికి 1304 అయిదంకెల కోడ్‌లు. 1061 అంటే ధాన్యం, పప్పుల మిల్లులు, ఇది అంతర్జాతీయ పట్టికలోనూ ఉంది. ఆ తరువాతి అంకె మన అవసరం కోసం చేర్చుకున్నది. 10611 పిండి మరలు, 10612 రైస్ మిల్లులు, 10613 పప్పు మిల్లులు. తూర్పు గోదావరి రైస్ మిల్లులను పంజాబ్ మిల్లులతో పోల్చాలంటే ఇంతకంటే మంచి సాధనం ఏముంది?

చిక్కంతా ఏ సంవత్సరం పట్టికతో చదువుతున్నామన్న దగ్గర వస్తోంది. పాత పట్టికలో 72 కంప్యూటర్ సేవలు. 2008లో అదే 72 శాస్త్రీయ పరిశోధన, అభివృద్ధి అయింది, సాఫ్ట్‌వేర్ రాయడం 62కు వెళ్లింది. హైదరాబాద్ కంపెనీలను 72తో వెతికితే పాత సాఫ్ట్‌వేర్ సంస్థలు, కొత్త పరిశోధనశాలలు ఒకే కుప్పలో పడతాయి. పాత కోడ్ కొత్తదాంట్లో ఏదవుతుందో చూపే పట్టికలు 2008 ఎన్‌ఐసీ పుస్తకంలోనే ఉన్నాయి. వాటిని తెరవకుండా నివేదిక రాసినవారిని తప్పుపట్టండి.

కృష్ణాతీరం

పట్టికలు మార్చి చదివితే సరిపోతుందంటే రెడ్డీస్ ల్యాబ్స్ సంగతి చూడండి. దాని సీఐఎన్‌లో రాష్ట్రం అక్షరాలు ఇప్పుడు తెలంగాణవి. పరిశ్రమ కోడ్ మాత్రం 85195, పాత పట్టికలోని ఆరోగ్య సేవల వర్గం. మందుల తయారీ పాత పట్టికలో 24 కింద, కొత్తదాంట్లో 21 కింద వస్తుంది. ఏ మార్పిడి పట్టికా 85ను మందుల తయారీ దగ్గరికి చేర్చదు. రిలయన్స్‌ది 17110. 1973లో నమోదైన కంపెనీకి వస్త్ర పరిశ్రమ కోడ్ ఉండటంలో వింత లేదు, కానీ ఈనాటి వ్యాపారాన్ని ఆ అంకెల్లో వెతకడం వృథా. సీఐఎన్ కంపెనీని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. అది ఇప్పుడు ఏం చేస్తోందో తెలుసుకోవడానికి పనికిరాదు.

గుంటూరు ఆడిటర్

పెద్ద కంపెనీలను వదిలేసి మిర్చి యార్డు దగ్గరికి రండి. కారం పట్టే మిల్లు 10795, శీతల గిడ్డంగి 52101, కమీషన్ వ్యాపారం 461 కింద, సొంతంగా కొని టోకున అమ్మడం 46లోనే ఇంకోచోట. మా ప్రాంతంలో ఈ పనులన్నీ ఒకే కుటుంబం చేయడం మామూలే. 2020 జులై 1న మొదలైన ఉద్యమ్ నమోదులో, అంటే చిన్న, మధ్యతరహా సంస్థల ప్రభుత్వ నమోదులో, ఒకటికి మించి కోడ్‌లు రాయవచ్చు. అదంతా యజమాని స్వయంగా చెప్పే వివరం, కాగితాలు జతచేయనక్కర్లేదు.

ఇక యజమాని మనసు ఎటు లాగుతుందో ఆలోచించండి. టోకు, చిల్లర వ్యాపారులను 2021 జులైలో మళ్లీ ఉద్యమ్‌లోకి తీసుకున్నా, ప్రాధాన్య రంగ రుణాల వరకే, అంటే బ్యాంకులు కొన్ని రంగాలకు తప్పక ఇవ్వాల్సిన అప్పుల వరకే. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్టు వరకు సబ్సిడీ రుణానికి అవకాశం, సేవలకు 20 లక్షలు. అందుకే చిన్న మర ఒకటి ఉన్నా సరే, ముందు తయారీ కోడ్ రాయమంటారు. జీఎస్టీలో సరుకులకు వాడే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌తో సరిచూద్దామన్నా కుదరదు. ఎండుమిర్చికీ కారానికీ 0904 ఒక్కటే శీర్షిక. అది సరుకును చెబుతుంది, ఆ సరుకును ఆడించినవారెవరో, కొని అమ్మినవారెవరో చెప్పదు.

గణాంక విద్యార్థిని

ఆడిటర్ గారూ, అందుకే పరిశోధకుడు మొదలుపెట్టాల్సింది పరిశ్రమల వార్షిక సర్వేతో, అంటే ఫ్యాక్టరీలపై ప్రభుత్వం ఏటా చేసే సర్వేతో అంటున్నాను. అందులో ఒక్కో ఫ్యాక్టరీకి జాబితాలో ఉన్న కోడ్ వేరుగా, ఆ ఏడాది ఇచ్చిన వివరాలను బట్టి వచ్చిన కోడ్ వేరుగా ఉంటాయి. రెండూ కలవకపోతే ఆ ఫ్యాక్టరీ పని మారిందేమో చూడాలని మనకే తెలుస్తుంది. కంపెనీలుగా నమోదు కాని చిన్న యూనిట్లకు వేరే సర్వే ఉంది. పచ్చళ్లు, అప్పడాలు చేసే ఇళ్ల లెక్క కావాలంటే అక్కడే వెతకాలి.

కృష్ణాతీరం

సర్వే వరకు మీతో నేనూ ఉన్నాను. కానీ సర్వేలో ఫ్యాక్టరీ పేరు ఉండదు కదా. నా దగ్గరికి వచ్చేవారు అడిగేది పోటీదారుల పేర్లు. పేర్లు కావాలంటే మళ్లీ కంపెనీల జాబితాకే పోవాలి, అక్కడ కోడ్ చెడిపోయి ఉంది. అందుకే నేను కోడ్‌తో వచ్చిన జాబితాను చిత్తుప్రతిగానే చూస్తాను. ఒక్కొక్క కంపెనీ వార్షిక నివేదికలో ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో చదివాకే పేరు ఉంచుతాను. ఆ శ్రమకు డబ్బు ఇవ్వలేమన్న ఖాతాదారుకు, మీ చేతిలో ఉన్నది లెక్క కాదని ముందే రాసి ఇవ్వాలి.

ఆదిలాబాద్ పత్తి

పేర్లు, పట్టికలు సరే, పత్తి నుంచి గింజలు వేరుచేసే మా జిన్నింగ్ మిల్లుల సంగతి ఎవరూ ఎత్తలేదు. వస్త్రాల తయారీ 13లో ఎంత వెతికినా దొరకవు. 01632 అట, అంటే వ్యవసాయ విభాగం! విత్తన శుద్ధి కేంద్రాలదీ అదే దారి, 0164. మాది పెద్ద షెడ్డు, యంత్రాలు, కూలీలు, కరెంటు బిల్లు. ఇది వ్యవసాయమెలా అవుతుంది? పైగా మాకు పత్తి గింజల నూనె మిల్లు కూడా ఉంది, అది 1040 కింద తయారీ. అప్పుడు మేము ఏ లెక్కలోకి వస్తాం?

గణాంక విద్యార్థిని

పంట కోసిన తరువాత దాన్ని మార్కెట్‌కు సిద్ధం చేసే పనిగా చూశారు కాబట్టి 016 కింద పెట్టారు. అయినా వార్షిక సర్వే జిన్నింగ్ మిల్లులను వదలదు, ఆ పట్టికల్లో 01 వరుస చూడండి, అక్కడ ఉంటాయి. మీ రెండు పనుల్లో ఏది ప్రధానమన్నదానికి నియమం అదనపు విలువ. అమ్మకాల్లోంచి కొన్న ముడిసరుకు, కరెంటు వంటి ఖర్చులు తీసివేస్తే మిగిలేది ఏ పనిలో ఎక్కువో ఆ కోడ్. ఆ లెక్క విడిగా లేకపోతే ఉత్పత్తి విలువ, అదీ లేకపోతే పనివాళ్ల సంఖ్య చూస్తారు.

గుంటూరు ఆడిటర్

ఉద్యమ్‌లో రెండు కోడ్‌లూ రాయండి, పత్తి గారూ. జిన్నింగ్, నూనె ఖాతాలు మాత్రం ఈ ఏడాది నుంచే వేరు చేయించండి. కలిపి రాసిన పుస్తకంలోంచి ఆ అదనపు విలువను నేనైనా విడదీయలేను.