ఊయల దగ్గర కెమెరా ఉండాలా, వద్దా?

వాల్తేరు_మాస్టారు
మా కాలనీ సేవా సంఘం జిల్లా అధికారులకు ఒక వినతిపత్రం ఇవ్వబోతోంది. పెంచలేని బిడ్డను వదిలి వెళ్లడానికి ఆసుపత్రుల దగ్గర, శిశు గృహాల గుమ్మం ముందు పెట్టే ఊయల చుట్టూ కెమెరాలు గానీ, కాపలా గానీ, పేరు అడిగే పుస్తకం గానీ ఉండకూడదని అందులో రాయాలన్నాను. సంఘంలో సగం మంది అడ్డం తిరిగారు. అలా చేస్తే బిడ్డల్ని వదిలేయడం అలవాటైపోతుందట.

నేను ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. ఇది కొత్త వాదన కాదు. ఫ్లారెన్స్‌లో పట్టు వర్తకుల సంఘం కట్టించిన శిశు శరణాలయం 1445లో మొదటి బిడ్డను అందుకుంది. ఇటలీ, ఫ్రాన్సు పట్టణాల్లో గోడలో తిరిగే చెక్క తొట్టెలు ఉండేవి. బయట బిడ్డను పడుకోబెట్టి తిప్పితే తొట్టె లోపలికి వెళ్తుంది. తల్లి ముఖం ఎవరికీ కనబడదు. మన దేశంలో 1863లో పుణెలో జోతీరావు, సావిత్రీబాయి ఫూలే తమ ఇంట్లోనే ప్రసూతి గృహం తెరిచారు. వితంతువులు గుట్టుగా వచ్చి కనవచ్చు, బిడ్డను తీసుకెళ్లాలో వదిలి వెళ్లాలో వాళ్ల ఇష్టం అన్నారు. అలా పుట్టిన ఒక బిడ్డను వాళ్లే దత్తత తీసుకున్నారు. ఆ యశ్వంతే డాక్టరయ్యాడు. 1897 ప్లేగులో సావిత్రీబాయి ప్రాణం పోయేదాకా రోగుల దగ్గర ఉన్నది అతనితో కలిసే. ఆ రోజు ఎవరైనా అతని కన్నతల్లి కాశీబాయిని పేరు, ఊరు, కులం రాసి సంతకం పెట్టమని ఉంటే యశ్వంత్ ఏ బావిలో తేలేవాడో.

మధురవాడ_మాధవి
తుప్పల్లో చీమలు పట్టిన పసికందు కంటే ఊయలలో ఏడుస్తున్న బిడ్డ నయం. ఇందులో చర్చించేది ఏముంది?

అల్లిపురం_ఆడిటరు
మాస్టారూ, ఫ్లారెన్స్ చెప్పి లండన్ దాటేశారు. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెను పదిహేడేళ్లు కాళ్లరిగేలా తిరిగి 1739లో అక్కడ శిశు శరణాలయం పెట్టడానికి రాజపత్రం సంపాదించాడు. 1741లో బిడ్డల్ని చేర్చుకోవడం మొదలైంది. చోటు చాలక మరుసటి ఏడు నుంచి చీటీ పద్ధతి పెట్టారు. తల్లి సంచిలో చెయ్యి పెట్టి బంతి తీయాలి. తెల్లది వస్తే బిడ్డకు చోటు, ఎర్రది వస్తే వేచి ఉండాలి, నల్లది వస్తే వెనక్కి. 1756లో పార్లమెంటు డబ్బిచ్చి, వచ్చిన ప్రతి బిడ్డనూ తీసుకోమంది. గేటుకు బుట్ట కట్టారు. నాలుగేళ్లలో దాదాపు 15,000 మంది బిడ్డలు వచ్చారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది చనిపోయారు. 1760లో ఆ పద్ధతి ఆపేశారు. అడగకుండా తీసుకుంటే జరిగేది అదే.

వాల్తేరు_మాస్టారు
లెక్క నిజం, కారణం తప్పు. బుట్ట వల్ల ఎవరూ చావలేదు. పల్లెల్లో పాలిచ్చే దాదులు అంతమందికి దొరకలేదు. దూరపు ఊళ్ల అధికారులు తమ ఖర్చు తప్పించుకోవడానికి పసివాళ్లను బళ్ల మీద లండన్‌కు తోలారు. మోసుకొచ్చేవాళ్లు కూలి తీసుకున్నారు, కొందరు బిడ్డలు దారిలోనే పోయారు. అందులో తల్లుల తప్పు ఎక్కడుంది?

అల్లిపురం_ఆడిటరు
తల్లుల తప్పని నేను అనలేదు. బుట్ట లేకపోతే ఆ బళ్లు బయలుదేరేవా? ఒక్క మాటలో చెప్పండి.

గాజువాక_ప్రసాద్
తమిళనాడులోని సేలంలో 1992లో ప్రభుత్వం ఊయలల పథకం పెట్టింది. వచ్చిన బిడ్డల్లో ఎక్కువ మంది ఆడపిల్లలే. ప్రాణాలు కాపాడింది, కాదనను. కానీ ఆడపిల్ల అక్కర్లేదనుకునే ఇంటికి దారి సుగమం చేసిందా లేదా?

జూన్_1
మాస్టారూ, లండన్‌లో చేర్చుకున్న బిడ్డలందరికీ అక్కడివాళ్లు కొత్త పేర్లు పెట్టారు. తల్లి పిలిచిన పేరు ఎవరికీ మిగల్లేదు. దాని గురించి ఒక్క మాట రాయలేదేం?

వాల్తేరు_మాస్టారు
ప్రాణం ముందు, పేరు తర్వాత.

సిస్టర్_సరోజ
నేను ప్రసూతి వార్డులో పనిచేసి పదవీ విరమణ చేశాను. చట్టం సంగతి తెలియక చాలామంది భయపడుతున్నారు, అందుకని రాస్తున్నాను. బిడ్డను పెంచలేని తల్లి దొంగతనంగా వదలనక్కర్లేదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బాలల సంక్షేమ కమిటీ ముందుకు వచ్చి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది, ఆ లోపల వచ్చి తిరిగి తీసుకెళ్లవచ్చు. గత్యంతరం లేక వదిలిన కన్నతల్లిని బిడ్డపై క్రూరత్వం కింద శిక్షించకూడదని ఆ చట్టంలోనే ఉంది. మీకు ఎక్కడైనా పసిబిడ్డ కనబడితే 1098కి ఫోను చేయండి. ఇరవై నాలుగు గంటల లోపల తెలియజేయడం మీ బాధ్యత. ఇంటికి తీసుకెళ్లి పెంచుకుంటామంటే కుదరదు.

గాజువాక_ప్రసాద్
అదే చట్టాల పుస్తకం అవతలి పేజీలో పన్నెండేళ్ల లోపు బిడ్డను వదిలేస్తే ఏడేళ్ల దాకా జైలు అని ఉంది సిస్టర్ గారూ. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 93వ సెక్షను. పల్లె నుంచి వచ్చిన పిల్లకు పోలీసు తెలుస్తాడు గానీ మీరు చెప్పిన మినహాయింపు ఎవరు చెబుతారు?

వాల్తేరు_మాస్టారు
అందుకే కెమెరా వద్దంటున్నాను.

జూన్_1
ఎవరు తెచ్చారో రాయకపోతే ఏమవుతుందో మన ఉమ్మడి రాష్ట్రమే చూసింది. 1999లో, మళ్లీ 2001లో లంబాడా తండాల నుంచి ఆడశిశువుల్ని కొద్ది డబ్బుకు కొని, తల్లులు వదిలేసిన బిడ్డలని కాగితాలు పుట్టించి విదేశాలకు దత్తత పంపిన సంగతి బయటపడింది. ‘వదిలేసిన బిడ్డ’ అనే మాట వెనక ఏమైనా దాచవచ్చు.

దాతృత్వానికి తల్లిని తుడిచేసే అలవాటు ముందు నుంచీ ఉంది. మద్రాసు ఎగ్మూరులో 1789లో ఆండ్రూ బెల్ నడిపిన మగపిల్లల అనాథాలయం గురించి మీరు తరగతిలో గొప్పగానే చెప్పి ఉంటారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించారు, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠం చెప్పారు, ఆ పద్ధతి ఇంగ్లండు దాకా వెళ్లింది. ఆ పిల్లల తండ్రులు తెల్ల సిపాయిలు, తల్లుల్లో ఎక్కువ మంది మన ఆడవాళ్లు. చాలామందికి తల్లి బతికే ఉంది. ఆమె దగ్గర పెరిగితే చెడిపోతారనే అక్కడ పెట్టారు.

బీచ్‌రోడ్డు_నాయుడు
అందరినీ ఒకే గాటన కట్టకండి. మన డాబాగార్డెన్స్‌లో ప్రేమ సమాజం 1930 నుంచి అనాథ పిల్లలకూ వృద్ధులకూ నీడనిస్తోంది. కాకినాడలో పిఠాపురం మహారాజా సూర్యారావు, రఘుపతి వెంకటరత్నం నాయుడు మాట విని అనాథ శరణాలయానికి అండగా నిలిచారు. అడగకుండా అన్నం పెట్టినవాళ్లు వీళ్లు.

వాల్తేరు_మాస్టారు
బీచ్‌రోడ్డు నాయుడు గారి మాటే నాదీ. జూన్_1 గారూ, మీ మాటల్లో కోపం కనబడుతోంది గానీ కారణం కనబడడం లేదు. అన్నం పెట్టి చదువు చెప్పించిన చోట్ల మీద రాళ్లు వేయడం నాకు నచ్చదు. ప్రాణం దక్కింది, చదువు దక్కింది. ఇంకేం కావాలి?

జూన్_1
కారణం చెబుతాను. నా పేరు వెనక ఆ తేదీ ఎందుకుందో ఎవరూ అడగలేదు.

నేను ఈ ఊళ్లోనే ఒక హోములో పెరిగాను. పేరు చెప్పను. అన్నం పెట్టారు, కొట్టలేదు, డిప్లొమా దాకా చదివించారు. ఆ కృతజ్ఞత మీరు నేర్పక్కర్లేదు. మా గదిలో పదకొండు మందికి పుట్టినరోజు జూన్ 1. బడిలో చేర్చడానికి వీలుగా ఉంటుందని రాసేశారు. ఆ రోజు అందరికీ తలా ఒక లడ్డు. పద్దెనిమిది ఏ రోజు నిండిందో నాకు తెలియదు. కానీ జూన్ 1న సంచి సర్దుకోమన్నారు.

వెళ్లే ముందు నా ఫైలు చూపించమన్నాను. ఒకటే వాక్యం. ‘ఆర్టీసీ కాంప్లెక్సు, తెల్లవారుజామున, మగ శిశువు, నీలం గళ్ల తువ్వాలు.’ తువ్వాలు ఏమైందని అడిగాను. ఆఫీసులో ఆవిడ మంచావిడే. ఆలోచించి, పాతబడితే నేల తుడవడానికి వాడి ఉంటారు బాబూ అన్నారు.

లండన్ వాళ్లను మీరిద్దరూ లెక్కల కోసం తవ్వుతున్నారు. వాళ్లు ఒక మంచి పని చేశారు. బిడ్డ ఒంటి మీది గుడ్డలోంచో తల్లి చీటీతో ఇచ్చిన గుడ్డలోంచో ముక్క కత్తిరించి, చేర్చుకున్న కాగితానికి గుండుసూదితో గుచ్చి దాచారు. తల్లి ఎప్పుడైనా తిరిగి వస్తే గుర్తు పట్టడానికి. దాదాపు ఐదు వేల ముక్కలు ఇవాళ్టికీ ఉన్నాయి. పువ్వుల చీటి గుడ్డలు, రిబ్బన్లు. రెండు వందల అరవై ఏళ్లు దాచగలిగారు. నా తువ్వాలు పద్దెనిమిదేళ్లు దాచలేకపోయారు.

నిరుడు మా బాబుకు రక్తం తక్కువగా ఉందని పరీక్షలు రాస్తూ డాక్టరు గారు అడిగారు, మీ వైపు ఎవరిదైనా మన్యం ప్రాంతమా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఎవరికైనా ఉందా అని. నా భార్య నా ముఖం చూసింది. తెలియదన్నాను. ఇంకేం కావాలని అడిగారు మాస్టారూ. ఇదీ కావలసింది.

అల్లిపురం_ఆడిటరు
నా వాదన పక్కన పెడతాను. బాబుకు ఇప్పుడు ఎలా ఉంది?

జూన్_1
పరీక్షలో ఏమీ లేదు. ఐరన్ మందుతో కోలుకున్నాడు.

సిస్టర్_సరోజ
బాబూ, నువ్వు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. నేనూ చెప్పాలి.

1987లో మా వార్డుకు ఒక పిల్ల వచ్చింది. పదహారో పదిహేడో ఉంటాయి. కాన్పు అయ్యాక బిడ్డ వైపు చూడలేదు, నా చెయ్యి పట్టుకుంది. ‘సిస్టర్, నా పేరు ఎక్కడా రాయనని ఒట్టు వేయండి’ అంది. వేశాను. కేసు షీటులో వేరే పేరు రాశాను. తెల్లారేసరికి మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టి వెళ్లింది. బిడ్డను హోముకు అప్పగించిన కాగితం మీద తల్లి పేరు దగ్గర గీత గీసింది నేనే.

నీ ఫైలులో ఆ ఒక్క వాక్యం రాసినవాళ్ల మీద నీకెంత కోపం ఉందో, అంత నా మీదా ఉండాలి. కానీ ఆ పిల్లకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి, మనవలు ఉంటారు. ఎవరో వచ్చి తలుపు తట్టి అమ్మా అంటే ఆమెకు ఆ ఇల్లు మిగులుతుందా? ఆ ఒట్టు తప్పమంటే ఇప్పటికీ తప్పను.

జూన్_1
నేను తలుపు తట్టను సిస్టర్ గారూ. ఎదురింటి అరుగు మీద కూర్చుని ఒకసారి చూసి వచ్చేస్తాను.

మీ మీద కోపం లేదు. చెయ్యి పట్టుకుని అడగడానికి ఆమెకు మీరున్నారు. బిడ్డ తరఫున ఆ గదిలో అడిగేవాళ్లు లేరు. నా బాధ అదొక్కటే.

గాజువాక_ప్రసాద్
జర్మనీలో 2014 నుంచి ఒక పద్ధతి ఉంది. తల్లి వేరే పేరుతో కనవచ్చు. అసలు పేరు కవరులో పెట్టి సీలు వేస్తారు. బిడ్డకు పదహారేళ్లు వచ్చాక చూడమని అడగవచ్చు. తల్లికి ప్రాణభయం ఉంటే కోర్టు ఆపుతుంది.

వాల్తేరు_మాస్టారు
ఆ కవరు ఉందని తెలిస్తే మన పిల్ల ఆసుపత్రి మెట్లు ఎక్కదు. మురుగు కాలువ వైపు నడుస్తుంది. అక్కడ నేను మారను.

కానీ జూన్_1 గారూ, ‘ఇంకేం కావాలి’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అనకూడని మాట.

జూన్_1
కెమెరా కావాలని నేను ఒక్కసారి కూడా అనలేదు, పైకి వెళ్లి చూడండి. నాకూ వద్దు. తల్లిని పట్టుకోవడానికి కాదు, బిడ్డతో వచ్చింది బిడ్డకు దాచమంటున్నాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఒంటి మీద ఏముంది, తాడు ఉందా, తాయెత్తు ఉందా. వచ్చిన రోజే ఫోటో. నోటితో ఎవరైనా చెబితే, చెప్పినంత మేరకు ఇంటి జబ్బులు. పేరు ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే అడగకండి.

సిస్టర్_సరోజ
ఇప్పటి దత్తత నియమాల్లోనూ పెద్దయ్యాక మూలాలు వెతుక్కునే వీలుంది బాబూ. అప్పగించిన తల్లి గోప్యత కోరితే ఆమె ఒప్పుకోనిదే చెప్పరు. ఊయలలో దొరికిన బిడ్డకు మాత్రం వెతకడానికి నువ్వన్న వస్తువులే దిక్కు.

వాల్తేరు_మాస్టారు
సంఘం వాళ్లకు పంపబోయే వాక్యం ఇక్కడ పెడుతున్నాను, సరిచూడండి. ‘ఊయల వద్ద కెమెరా, కాపలా, పేర్ల పుస్తకం ఉండరాదు. బిడ్డతో వచ్చిన ప్రతి వస్తువునూ, గుడ్డపేలికతో సహా, తేదీ, వేళ రాసి బిడ్డ పేరున భద్రపరచి, పద్దెనిమిదేళ్లు నిండిన రోజున ఆ బిడ్డ చేతికి ఇవ్వాలి.’

జూన్_1
‘పారేయరాదు, వాడరాదు’ అని చేర్చండి.

సిస్టర్_సరోజ
ఉతకవద్దని కూడా రాయండి మాస్టారూ. ఎండలో ఆరబెట్టి సంచిలో కట్టమనండి. మా వార్డులో వచ్చిన గుడ్డ వచ్చినట్టు వేణ్ణీళ్లలో వేసేవాళ్లం.