ద ఎక్స్‌ఎక్స్ మొదటి ఆల్బమ్ ఇంత ఖాళీగా ఉందేంటి? నాకేనా, అందరికీనా?

సగంశబ్దం:

లండన్ బ్యాండు ద ఎక్స్‌ఎక్స్ నుంచి 2009లో వచ్చిన 'ఎక్స్‌ఎక్స్' ఆల్బమ్ మొదటి పాట నుంచి చివరి పాట దాకా రెండుసార్లు విన్నాను. మొదటి ట్రాక్ 'ఇంట్రో' అదిరింది, అందులో అనుమానం లేదు. తర్వాత వచ్చే పది పాటలూ మాత్రం పూర్తిచెయ్యకుండా వదిలేసిన డెమోల్లా ఉన్నాయి. గిటారు ఒక్కో నోటే మోగుతుంది. డ్రమ్స్ టిక్కు టిక్కుమంటాయి. ఆ ఇద్దరు గాయకులేమో పక్కింటివాళ్లు లేస్తారేమో అన్నట్టు పాడతారు. దీనికి 2010లో బ్రిటన్‌లో ఏటి ఉత్తమ ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ ఇచ్చారంటే ఏదో నాకే అందట్లేదనిపిస్తోంది.

వినేది ఎక్కువగా ఫోన్ స్పీకర్‌లో, రాత్రిపూట ఇయర్‌బడ్స్‌లో. ఈక్వలైజర్‌లో బేస్ బూస్ట్ ఎప్పుడూ ఆన్. ఇంకో డౌటు: వీళ్లకి అసలు డ్రమ్మర్ ఉన్నాడా?

నలభైహెర్ట్‌జ్:

ఫోన్ స్పీకర్‌లో విన్నారంటే ఆల్బమ్‌లో సగమే విన్నట్టు అండీ. ఇది మాటవరసకు అంటున్నది కాదు, లెక్క చూడండి.

బేస్ గిటారు నాలుగు తీగలు వదిలి మీటితే వచ్చే స్వరాలు 41, 55, 73, 98 హెర్ట్‌జ్, అంటే సెకనుకి అన్ని కంపనాలు. అన్నిటికన్నా సన్నటి తీగని పన్నెండో ఫ్రెట్‌లో నొక్కినా 196 దాటదు. ఫోన్ స్పీకర్ సరిగ్గా పలకడం మొదలయ్యేది 200, 300 హెర్ట్‌జ్ పైనే. అంటే ఆలివర్ సిమ్ వాయించిన బేస్‌లో అసలు స్వరం దాదాపు ఏదీ మీ ఫోన్‌లోంచి బయటికి రాలేదు.

మరి మిగతా పాటల్లో బేస్ ఫోన్‌లోనూ తెలుస్తుంది కదా అంటారా? అక్కడ బేస్ కాస్త గరగరగా ఉంటుంది. 55 హెర్ట్‌జ్ స్వరంతో పాటు 110, 165, 220, 275 కూడా గట్టిగా మోగుతాయి. పైవి వినబడితే చాలు, అడుగున ఉన్నదాన్ని మన మెదడే పూరించుకుంటుంది. ఈ ఆల్బమ్‌లో బేస్ గుండ్రంగా, మెత్తగా ఉంటుంది, పై స్వరాలు తక్కువ. 'ఫాంటసీ'లో కింద నడిచే లోతైన సబ్ బేస్ అయితే దాదాపు శుద్ధమైన స్వరం. పూరించుకోవడానికి మెదడుకి ఆధారమే దొరకదు. అందుకే ఆ పాట ఫోన్‌లో ఒట్టి పొగలా ఉంటుంది.

ఇయర్‌బడ్స్ సంగతి. 'ఫాంటసీ' పెట్టి, బడ్స్‌ని వేలితో మెల్లగా లోపలికి ఒత్తండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే మీ చెవికి రబ్బరు టిప్ చిన్నదైందన్నమాట. గాలి పోయే సందు ఉంటే మొదట మాయమయ్యేది బేసే. ఒక సైజు పెద్దది వేసుకోండి. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని కూడా లేదు.

బేస్ బూస్ట్ తీసెయ్యండి. ఆ ప్రీసెట్లు 60 హెర్ట్‌జ్ దగ్గర ఆగవు, 250 దాకా అంతా ఎత్తేస్తాయి. ఆలివర్ గొంతు కూర్చునేది సరిగ్గా ఆ కిందిచోటే, దాంతో ఆయన దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. ముందు ఫ్లాట్‌గా, అంటే ఏదీ పెంచకుండా తగ్గించకుండా వినండి. ఇంకా కావాలనిపిస్తే 80 హెర్ట్‌జ్ కింద మాత్రం 2, 3 డెసిబెల్స్ పెంచండి. ఎంత పెంచారో ఈక్వలైజర్‌లో మొత్తం శబ్దాన్ని తగ్గించే ప్రీయాంప్‌లో అంత తగ్గించండి, లేకపోతే కిక్ డ్రమ్ పడినప్పుడల్లా శబ్దం చిట్లుతుంది.

క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే అదీ ఆపండి. పాట చివర మిగిలే నిశ్శబ్దం మీదికి తర్వాతి పాట ఎక్కేస్తే ఈ ఆల్బమ్‌కి చాలా నష్టం.

పాలపిట్ట_ఆంప్:

డ్రమ్మర్ లేడు. జేమీ స్మిత్ ఎంపీసీ అనే ప్యాడ్ల పెట్టె మీద వేళ్లతో కొట్టే బీట్లవి. స్టేజి మీద కూడా అంతే. ఆల్బమ్ చేసినప్పుడు నలుగురు: రోమీ మాడ్లీ క్రాఫ్ట్ గిటారు, గొంతు, ఆలివర్ సిమ్ బేస్, గొంతు, బారియా ఖురేషీ కీబోర్డు, గిటారు, జేమీ. బారియా 2009 చివర్లోనే వెళ్లిపోయింది. అందుకే తర్వాతి కచేరీల రికార్డింగులు వింటే ఇంకా పలచగా ఉంటాయి, ముగ్గురే కదా. ఆల్బమ్‌ని ఆ వీడియోలతో పోల్చకండి.

ఖాళీ ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. మామూలు బ్యాండులో డ్రమ్‌సెట్ తాళాలు, హైహ్యాట్ పాటంతా చిమచిమలాడుతూనే ఉంటాయి. 5 కిలోహెర్ట్‌జ్ పైన ఉన్న చోటంతా వాటిదే. ఇక్కడ ఆ పొర దాదాపు లేదు. బీట్లు పొట్టివి, కొట్టగానే ఆగిపోతాయి. ఆ సందులో రోమీ గిటారు రివర్బ్ తోక, అంటే ప్రతిధ్వని, మెల్లగా ఆరిపోవడం వినబడుతుంది. మీరు ఖాళీ అంటున్నది ఆ తోకనే.

అనుమానముంటే పరీక్ష చెయ్యండి. ఫోన్‌లో ఏదైనా ఫ్రీ ఆడియో ఎడిటర్‌లో 'క్రిస్టలైజ్డ్' వేసి, పైన ఒక షేకర్ లూప్ చిన్న వాల్యూమ్‌లో నడపండి. పాట 'నిండుతుంది', గిటారు మాత్రం చచ్చిపోతుంది. ఆ తోకలన్నీ షేకర్ కింద కప్పబడిపోతాయి.

గొంతులు గుసగుసలాడటం కూడా కావాలని చేసిందే. లండన్‌లో ఎక్స్ఎల్ రికార్డ్స్ ఆఫీసుకి ఆనుకుని ఉన్న చిన్న స్టూడియోలో, ఎక్కువగా రాత్రిళ్లు రికార్డు చేశారు. ఇంజనీరు రొడేద్ మెక్‌డొనాల్డ్. బయటి ప్రొడ్యూసర్లతో కొన్నాళ్లు ప్రయత్నించి, కుదరక చివరికి జేమీకే అప్పగించారు. మైకుకి దగ్గరగా, మెల్లగా పాడితే ఊపిరి, పెదాల తడి కూడా రికార్డవుతాయి. అదే గొంతు మీద రివర్బ్ దట్టిస్తే మనిషి దూరం జరుగుతాడు. ఇక్కడ గిటారు దూరంగా, గొంతు చెవి పక్కన. మామూలుగా వినే దానికి తలకిందులు.

బి_సైడ్_బాబాయ్:

అన్నీ సెట్టింగుల మీదికి నెట్టేస్తే ఎలా తమ్ముళ్లూ? నాలుగు వేల రూపాయల ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా 'ఇన్ఫినిటీ' 5 నిమిషాల పైనే ఉంటుంది, రావలసింది మూడున్నరకే వచ్చేస్తుంది. క్రిస్ ఐజాక్ 1989 నాటి 'వికెడ్ గేమ్' గిటారు నీడ ఆ పాట మీద ఎంతుందో విన్నవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. ఆ చివర్లో గట్టిగా పడే దెబ్బలు లేకపోతే నేను దాటేసేవాణ్ణి. 'షెల్టర్' మాత్రం ముట్టుకోను. రోమీ ఒక్కతే, గిటారు, బీటు ఆలస్యంగా రావడం. ఆల్బమ్‌లో అదే పైమెట్టు.

అడిగినాయన నిరాశకి అసలు కారణం నా లెక్కలో 'ఇంట్రో'. 2010 బ్రిటన్ ఎన్నికల కవరేజికి బీబీసీ దాన్ని వాడింది, 2011లో రిహానా 'డ్రంక్ ఆన్ లవ్'కి అదే పునాది. ప్రకటనల్లో, రీళ్లలో విని వచ్చినవాళ్లు పదకొండు 'ఇంట్రో'లు ఉంటాయనుకుని కూర్చుంటారు. ఆల్బమ్‌లో బిగ్గరగా పైకి లేచే ట్రాక్ అదొక్కటే. మిగతావన్నీ దాని తర్వాత గది తలుపేసుకుని మాట్లాడుకున్న మాటలు.

ఇంకోటి మన చెవి. పల్లవి, ఇంటర్‌లూడ్, చరణం అలవాటైన చెవికి, గొంతు ఆగగానే వయొలినో వేణువో రావాలి. వీళ్లు గొంతు ఆపితే ఏమీ రాదు. ఇళయరాజా పాటల్లో గొంతు వదిలేసి బేస్ వెంట పడి వినే అలవాటున్నవాళ్లకి ఈ ఆల్బమ్ తొందరగా పట్టుబడుతుంది. అక్కడ బేస్ పాట కింద ఇంకో పాట, ఇక్కడ పై పాట సగానికి తగ్గించి కింది పాట చూపిస్తారు.

పాలపిట్ట_ఆంప్:

'ఇన్ఫినిటీ' గురించి ఒప్పుకుంటాను బాబాయ్, నిడివి ఎక్కువే. కానీ చివర్లో ఒకరు అంటుంటే ఇంకొకరు కాదంటూ ఉంటారు చూడండి, దానికోసం భరించొచ్చు.

సాహిత్యం గురించి ఎవరూ అనలేదు. రోమీ, ఆలివర్ ఎవరి ముక్క వాళ్లు విడిగా రాసుకుని తర్వాత అతికించారు. అందుకే యుగళగీతాల్లా ఉంటూనే ఒకరి మాటకి ఇంకొకరిది జవాబు కాదు. 'క్రిస్టలైజ్డ్' చివర ఇద్దరూ ఒకేసారి వేరువేరు మాటలు పాడతారు. మొదటిసారి ఆమెనే వినండి, రెండోసారి ఆయన్ని. మూడోసారి ఇద్దరూ కలిపి దొరుకుతారు.

ఇంకో విశేషం, దాదాపు అంతా 'నేను', 'నువ్వు'లతోనే నడుస్తుంది. ఆడా మగా తేలనివ్వరు. తెలుగులోకి తెచ్చినా ఆ ముడి చెడదు, 'వచ్చావు', 'వెళ్తావు'లకి లింగం లేదు కదా. 'వచ్చాడు, వచ్చింది' దగ్గరే మనకి చిక్కు.

సగంశబ్దం:

టిప్ మార్చాను, బూస్ట్ తీసేశాను. 'ఫాంటసీ' వేరే పాటలా ఉంది, ఒప్పుకుంటున్నాను. 'బేసిక్ స్పేస్' కూడా. 'నైట్ టైమ్' దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంకా నిద్ర వస్తోంది, బాబాయ్ వైపు ఒక ఓటు.

ఇప్పుడు ఇంకో చిక్కు. బ్లూటూత్ స్పీకర్‌లో గదిలో పెడితే ఒక్క నోటు మాత్రం గోడలు అదిరేలా మోగుతుంది, మంచం మధ్యలో కూర్చుంటే అదే మాయం. స్పీకర్ పాడైందా? గది పదడుగులు, పదడుగులు. అలాగే ఆ గిటారు టోన్ ఎలా తెచ్చుకోవాలో కూడా ఎవరైనా చెప్పండి.

నలభైహెర్ట్‌జ్:

స్పీకర్‌కి ఏమీ కాలేదు, గదే వాయిస్తోంది. పదడుగులంటే 3.05 మీటర్లు. శబ్దవేగం 343ని దానికి రెట్టింపైన 6.1తో భాగిస్తే 56 వస్తుంది. బేస్ గిటారులో లావు వైపు నుంచి రెండో తీగ 55 హెర్ట్‌జ్. ఆ స్వరం పడినప్పుడల్లా ఎదురెదురు గోడల మధ్య అల నిలబడిపోతుంది. గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, సరిగ్గా నడుమ దాదాపు సున్నా. పొడవు వెడల్పులు సమానం కాబట్టి రెండు దిక్కులా అదే దెబ్బ. గది నడుమ కూర్చోకండి, ఒక గోడ నుంచి మూడున్నర, నాలుగడుగుల దూరానికి జరగండి. స్పీకర్ మూలలో ఉంటే రెండడుగులు బయటికి లాగండి. నురుగు పలకలు అంటించి డబ్బు తగలేసుకోవద్దు, అంగుళం మందం నురుగు 56 హెర్ట్‌జ్‌ని ఏమీ చెయ్యలేదు.

పాలపిట్ట_ఆంప్:

గిటారు: డిస్టార్షన్ సున్నా. మెడవైపు పికప్ (తీగల కంపనాన్ని పట్టే భాగం), టోన్ నాబ్ సగానికి. కార్డ్ మొత్తం గీకొద్దు, సన్న తీగల మీద ఒక్కో స్వరం, పిక్‌తో తేలిగ్గా. రివర్బ్ రెండు, రెండున్నర సెకన్లు, మిక్స్ 30 శాతం దగ్గర మొదలుపెట్టండి. దాని ముందు ఒకే ఒక్క డిలే (స్వరాన్ని కాస్త ఆగి మళ్లీ మోగించేది), ఫీడ్‌బ్యాక్ రెండు మార్లు మోగి ఆగేంత. డిలే సమయం లెక్క: 60,000ని పాట వేగంతో భాగిస్తే ఒక బీటు మిల్లీసెకన్లలో వస్తుంది. నిమిషానికి 100 బీట్లయితే 600, ముప్పావు బీటు కావాలంటే 450.

చాలామంది తప్పు చేసేది రివర్బ్‌కి వచ్చే కింది శబ్దాన్ని కొయ్యకపోవడం. రివర్బ్ పెడల్‌లో లో కట్ ఉంటే 250 హెర్ట్‌జ్ దగ్గర పెట్టండి, లేకపోతే మీ గిటారు తోక బేస్ మీద కూర్చుంటుంది. ఇంకోటి, స్వరం వదిలేశాక ఎడమచెయ్యి తీగ మీంచి ఎత్తేటప్పుడు కిర్రుమంటే క్లీన్ టోన్‌లో అది మొత్తం వినబడుతుంది. వేలు జార్చకుండా నిటారుగా పైకి ఎత్తండి.