బంపర్ గీతకి క్లెయిమ్ చేస్తే కారు ఇన్సూరెన్స్ ప్రీమియం ఇంత పెరుగుతుందా?

స్విఫ్ట్_ఖమ్మం: పోయినేడు 9,200 కట్టా, ఈసారి 13,000 అంటున్నారు, బండి పాతబడింది కదా తగ్గాలి కదా అన్నా! మధ్యలో బంపర్‌కి 3,500 క్లెయిమ్ చేశా అంతే.

పాతడ్రైవర్: అదే కొంప ముంచింది. నాలుగేళ్లు క్లెయిమ్ లేకపోతే 45 శాతం ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు), ఒక్క క్లెయిమ్‌తో సున్నా. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టే భాగం) మాత్రం అందరికీ ఒకటే, నీ 1197 సీసీకి 2022లో పెట్టిన 3,416, పైన జీఎస్టీ 18 శాతం. ఐడీవీ (బండికి ఇప్పుడు వాళ్లు కట్టిన విలువ) ఎంత వేశారో చూడు.

హైద్_బండి: మేం జోన్ ఏ (హైదరాబాద్ లాంటి పెద్ద నగరాలు), ఓన్ డ్యామేజీ (సొంత బండి నష్టానికి కట్టే భాగం) రేటే కాస్త ఎక్కువ 😄 చిన్న గీతలకి చేతి డబ్బులే బెటర్ బ్రో. రెన్యువల్ ఆలస్యం చేయకు, పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటితే ఉన్న ఎన్‌సీబీ కూడా పోద్ది.

స్విఫ్ట్_ఖమ్మం: నాకింకేం మిగిలిందని పోడానికి 😭