చిన్న పాత వినోద పార్కుకి ఏడేళ్ళ పిల్లను తీసుకెళ్తే విసుగు పుడుతుందా?

ప్రశ్న (ఏడేళ్ళ పిల్ల తండ్రి):

ఇంటికి గంట దూరంలో ఒక చిన్న వినోద పార్కు ఉంది. నా చిన్నప్పుడు మా నాన్న నన్ను అక్కడికే తీసుకెళ్ళేవారు. ఒక జెయింట్ వీల్, ఒక రంగులరాట్నం, ఢీకొట్టుకునే కార్లు, చెట్ల మధ్య తిరిగే బొమ్మ రైలు, వంకర అద్దాల గది. అంతే. ఈ ముప్ఫై ఏళ్ళలో కొత్తది ఒక్కటీ చేరలేదని, పాతది ఒక్కటీ పోలేదని విన్నాను.

మా అమ్మాయి పోయిన సంవత్సరం ఒక పెద్ద పార్కు చూసింది. అక్కడ తలకిందులయ్యే రోలర్ కోస్టర్ ఎక్కడానికి నాలుగు వేళ్ళ ఎత్తు తక్కువైంది. కొలత బల్ల దగ్గర మునివేళ్ళ మీద నిలబడి చూసింది, వాళ్ళు ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. అలాంటి పిల్లకు ఈ పాత పార్కు ఆనుతుందా? ఇంకో సందేహం, ఆ యంత్రాలన్నీ వయసులో నా కంటే పెద్దవి. వాటి మీద పిల్లను ఎక్కించవచ్చా? మా నాన్నకు డెబ్బై దాటాయి, ఆయన కూడా వస్తానంటున్నారు. నిజానికి ఎక్కువ ఉత్సాహం ఆయనదే. వెళ్ళి వచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి.

జవాబు (ముక్కుసూటి మనిషి):

ఇలాంటి పార్కొకటి నేనూ ఈమధ్యే చూశాను. రోజంతా గడపవచ్చని ఊహించుకుని వెళ్ళకండి. బొమ్మ రైలు రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. అద్దాల గదిలో సగం అద్దాలకు వెనక పూత ఊడిపోయి, మనిషి లావుగా కనబడాల్సిన చోట అసలు కనబడటమే మానేశాడు. మైకులో ఒకే పాట. అన్నీ ఎక్కి, దిగి, చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేసరికి గంటన్నర. వరుసలో నిలబడే పని లేదు, అదొక్కటి బాగుంది.

జవాబు (పాత ఆపరేటరు):

పద్దెనిమిదేళ్ళు ఇలాంటి పార్కులోనే పనిచేశాను. అందులో పదకొండేళ్ళు జెయింట్ వీల్ మీదే. కాబట్టి నాది పక్షపాతమే అనుకుని చదవండి.

ముందు భయం సంగతి. యంత్రం వయసు అడిగి ఏమీ తేల్చలేం. కోపెన్‌హాగెన్‌లోని టివోలీ తోటలో 1914లో కట్టిన చెక్క రోలర్ కోస్టర్ ఉంది. ఆ బండిలో ఎక్కినవాళ్ళతో పాటు బ్రేకు వేసే మనిషి కూడా కూర్చుని వెళ్తాడు. వియన్నాలో జెయింట్ వీల్ 1897 నాటిది. 1944లో అది కాలిపోతే యుద్ధం అయ్యాక మళ్ళీ నిలబెట్టారు కానీ, ముప్ఫై పెట్టెలకు బదులు పదిహేనే తగిలించారు. దాని మీద ఎంత బరువు పెట్టవచ్చో ఎవరో కూర్చుని ఆలోచించారన్నమాట. ఆ పదిహేను ఖాళీలే నాకు ఆ చక్రం మీద గౌరవం పెంచాయి.

మీరు టికెట్టు కొనే ముందు పది నిమిషాలు ఊరికే నిలబడండి. యంత్రాన్ని తర్వాత చూడవచ్చు, ముందు దాన్ని నడిపే మనిషిని చూడండి. కూర్చున్నవాళ్ళు జారిపడకుండా ముందు వేసే అడ్డకడ్డీని ఒక్కొక్కదాన్నీ చేత్తో లాగి చూస్తున్నాడా, దూరం నుంచి ఒక చూపు విసిరి వదిలేస్తున్నాడా? చక్రం తిరుగుతున్నంతసేపూ చెయ్యి స్విచ్చు దగ్గర ఉందా, ఫోను దగ్గర ఉందా? ఏడుస్తున్న పిల్లను చూసి ఆపుతాడా, నవ్వి ఊరుకుంటాడా? ఎత్తు కొలిచే బల్ల దగ్గర మొహమాటపడేవాడైతే, అంటే "సర్లెండి, ఎక్కించండి" అనేవాడైతే, అక్కడి నుంచి వచ్చేయండి. మీ అమ్మాయిని ఎక్కనివ్వని ఆ పెద్ద పార్కువాళ్ళు చేసింది సరైన పని. పిల్లకు కోపం వస్తే రానివ్వండి. ఆ ఎత్తు, అడ్డకడ్డీ పిల్ల ఒంటికి ఆనడానికి పెట్టిన కొలత.

వీలైతే తెరిచే వేళకు వెళ్ళండి. పొద్దున మొదటి చుట్టు ఖాళీగా తిప్పాలి. మేము ఆ చుట్టులో కళ్ళకంటే చెవులకే ఎక్కువ పని చెప్పేవాళ్ళం. గ్రీజు ఎండిన బేరింగు కీచుమంటుంది, దాన్ని ఎవరైనా పట్టుకుంటారు. ప్రతి చుట్టులోనూ ఒకే పెట్టె దగ్గర మెల్లగా "టక్" అంటే మాత్రం ఆ పెట్టె వేలాడే పిన్ను చూడాలి. జనం వచ్చాక, పాట పెట్టాక ఆ "టక్" ఎవరికీ వినబడదు. మైకు ఎప్పుడు పెట్టాలన్న దాని మీద మా మేనేజరుకూ నాకూ పదకొండేళ్ళ పాటు నడిచిన తగవు ఇదే.

ఇంకొకటి మీ అమ్మాయికి చూపించండి. బోల్టు బిగించాక నట్టు మీదుగా పక్క ఇనుము మీదికి ఒక రంగు గీత గీస్తాం. నట్టు కొంచెం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. రెంచి పట్టుకుని పైకి ఎక్కకుండానే, కింద నిలబడి చూస్తే తెలిసిపోతుంది. నిగనిగలాడే కొత్త రంగు వేసిన యంత్రానికి నేను మురిసిపోను. ఆ రంగు కింద గీతలు కూడా పూడిపోయి ఉంటాయి. వెలిసిపోయిన ఇనుము మీద గీతలు తాజాగా ఉంటే నిశ్చింతగా ఎక్కుతాను.

జెయింట్ వీల్ దగ్గర ఖాళీ పెట్టె ఎదురుగా ఉన్నా మిమ్మల్ని ఎక్కించకుండా సగం చుట్టు తిప్పితే విసుక్కోకండి. ఒక పక్క నలుగురు ఎక్కితే వాళ్ళకు ఎదురు పెట్టెలో కూడా కొంత బరువు పడాలి. అంతా ఒక పక్కకే నింపితే పైకి లాగేటప్పుడు మోటారు మూలుగుతుంది, దిగేటప్పుడు బరువే చక్రాన్ని లాక్కుపోతుంది, బ్రేకు వేసినా అనుకున్న చోట ఆగదు. జార్జ్ ఫెర్రిస్ 1893లో షికాగో ప్రదర్శన కోసం కట్టిన చక్రం ఎత్తు 264 అడుగులు, పెట్టెలు 36. మీరు ఎక్కబోయేది దాని ముందు బొమ్మలా ఉంటుంది. కానీ బొమ్మ చక్రానికే ఈ తూకం ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే దానికి సొంత బరువు తక్కువ, ఎక్కిన మనుషుల బరువు ఎక్కువ. సరిగ్గా తూచి నింపిన మా చక్రాన్ని, కరెంటు పోయినప్పుడు బ్రేకు వదిలి ఇద్దరం చేత్తో లాగి అందరినీ దింపిన రోజులున్నాయి. తూకం తప్పి నింపిన రోజున మాత్రం నలుగురం వేలాడాం.

మీ నాన్నగారు జెయింట్ వీల్ హాయిగా ఎక్కవచ్చు. గిరగిరా తిరిగేవి మాత్రం వద్దు. వయసు పెరిగాక చెవి లోపలి సమతూకం కుదురుకోవడానికి సమయం పడుతుంది, దిగాక తూలిపడతారు. మెడనొప్పి, నడుంనొప్పి ఉంటే ఢీకొట్టే కార్ల జోలికీ వెళ్ళనివ్వకండి.

జవాబు (రాట్నం అభిమాని):

రంగులరాట్నాన్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేను చెబుతాను. ఒక్కసారి ఎక్కించి దింపేయకండి. మొదట లోపలి వరుస గుర్రం మీద, తర్వాత బయటి వరుస గుర్రం మీద కూర్చోబెట్టి, ఏది వేగంగా వెళ్ళిందో అడగండి. రెండూ ఒకేసారి బయలుదేరి ఒకేసారి చుట్టు ముగిస్తాయి, కానీ బయటి గుర్రానికి దారి ఎక్కువ. మా అబ్బాయికి ఈ సంగతి బడిలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, గుర్రం ఎక్కాక ఎక్కింది.

గుర్రం రెండు పక్కలా తిరిగి చూడండి. బయటికి కనబడే పక్క జూలు, జీను, పూసలు చెక్కి, లోపలి పక్క సాదాగా వదిలేస్తారు. జనం చూసే వైపే శిల్పి చెయ్యి చేసుకుంటాడు. అమెరికా రాట్నాలు అపసవ్యంగా తిరుగుతాయి కనుక అక్కడ గుర్రాల కుడిపక్కే అలంకారమంతా. ఇంగ్లండులో రాట్నాలు సవ్యంగా తిరుగుతాయి, కాబట్టి ఎడమపక్క. మీ పార్కులోది ఎటు తిరుగుతుందో చూసి చెప్పండి, నాకు కుతూహలంగా ఉంది.

తల పైకెత్తి చూడటం కూడా మరచిపోకండి. గుర్రం పైకీ కిందికీ ఊగడానికి కారణం పైన తిరిగే వంపు కడ్డీలు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ సావేజ్ పందొమ్మిదో శతాబ్దంలో ఆవిరితో తిరిగే రాట్నాలకు ఇలాంటి అమరిక పెట్టాడు. ఊగని గుర్రాలూ ఉన్నాయి. అమెరికాలో మార్తాస్ విన్‌యార్డ్ ద్వీపంలోని 1876 నాటి రాట్నంలో గుర్రాలు కదలకుండా నిలబడే తిరుగుతాయి. పిల్లలు మాత్రం పక్కకు వంగి, గొట్టంలోంచి ఉంగరాలు లాక్కుంటారు. ఇత్తడి ఉంగరం దొరికినవాళ్ళకు ఇంకో చుట్టు ఉచితం.

జవాబు (ముక్కుసూటి మనిషి):

గుర్రానికి రెండు పక్కలు ఉంటాయని నేను గమనించనే లేదు. అయినా అద్దాల గది విషయంలో నా మాట మారదు.

ప్రశ్న అడిగినవారి మళ్ళీ రాక:

వెళ్ళి వచ్చాం. ముందు రాట్నం అభిమాని గారికి: సవ్యంగానే తిరుగుతోంది. గుర్రాలు మాత్రం చెక్కినవి కావు, ఫైబర్ గుర్రాలు, రెండు పక్కలా ఒకేలా ఉన్నాయి. మీరు నిరాశపడతారని తెలిసే ముందు చెప్పేస్తున్నాను. బయటి గుర్రం, లోపలి గుర్రం పరీక్ష ఆరుసార్లు జరిగింది. ఆరోసారి మా నాన్న కూడా ఎక్కారు. చుట్లు మెల్లగానే సాగాయి కనుక నేను అడ్డుపడలేదు. దిగాక రెండు నిమిషాలు గట్టు మీద కూర్చుని, తాను కూర్చున్నది గాలి కోసమని చెప్పారు.

ఢీకొట్టే కార్ల దగ్గర అమ్మాయి అసలు కారే ఎక్కలేదు. కారు వెనక నిలబెట్టిన కడ్డీ పైకప్పు జాలిని రాసుకున్నప్పుడల్లా నిప్పురవ్వలు లేస్తున్నాయి, వాటినే చూస్తూ నిలబడింది. కరెంటు జాలి నుంచి కడ్డీలోకి, కారులోకి దిగి, కింద ఇనుప నేల గుండా వెళ్ళిపోతుందని అక్కడి అతను ఓపికగా చెప్పాడు. వరుస లేకపోవడం వల్ల అతనికి అంత తీరిక దొరికిందనుకుంటాను. పెద్ద పార్కులో మాకు ఎవరూ ఏదీ చెప్పలేదు, చెప్పమని మేము అడిగే వీలూ లేదు.

జెయింట్ వీల్ దగ్గర నేను ఆపరేటరు గారు చెప్పినట్టే పది నిమిషాలు నిలబడ్డాను. నడిపే ఆయన ప్రతి కడ్డీనీ లాగి చూశాడు. సగం చుట్టు తిప్పి ఎదురు పెట్టె నింపాడు. నేను సంతృప్తిగా టికెట్లు తీసుకుని వచ్చేసరికి మా అమ్మాయి గీతలు లెక్కపెడుతోంది. "నాన్నా, దీనికి రెండు గీతలున్నాయి, ఒకటి విరిగింది" అంది. నాకు గుండె జారింది. ఆయనకు చెబితే తిట్టుకుంటాడనుకున్నాను. ఆయన మాత్రం చక్రం ఆపి, ఎక్కినవాళ్ళను దింపి, నిచ్చెన తెచ్చుకుని ఆ నట్టు దగ్గరికి ఎక్కాడు. రెంచి వేసి చూశాడు. గట్టిగానే ఉంది. ఈమధ్య బిగించినప్పుడు కొత్త గీత గీశారట, పాత గీత చెరపలేదట. దిగి వచ్చి అమ్మాయికి ఆ కొత్త గీత ఎందుకు కలిసి ఉందో చూపించాడు. తర్వాత ముగ్గురం ఎక్కాం. పైకి వెళ్ళాక మా నాన్న చుట్టుపక్కల చూస్తూ పాత రోజులు చెబుతుంటే, ఆమె మాత్రం కిందికి వంగి మిగతా బోల్టులు చూస్తానని గోల. కూర్చోబెట్టడానికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

అద్దాల గది మూసి ఉంది.

జవాబు (పాత ఆపరేటరు):

ఆయన నిచ్చెన ఎక్కడం బాగుంది. కానీ పాత గీత చెరపకపోవడం తప్పే. రెండు గీతలుంటే రేపు కొత్తగా వచ్చిన కుర్రాడు విరిగిన దాన్ని రోజూ చూసి చూసి, అది మామూలే అనుకోవడం మొదలుపెడతాడు. అప్పుడు నిజంగా విరిగిన గీత కూడా అతని కంట్లో పడదు. మళ్ళీ వెళ్తే ఒక గరుకు కాగితం ముక్క ఆయనకు ఇచ్చి, చెరిపేయమని చెప్పండి. అమ్మాయి చేత చెప్పిస్తే ఇంకా మంచిది, ఈసారి ఆయన మరచిపోడు.

ఏడేళ్ళ పిల్ల తండ్రి:

గరుకు కాగితం ఆమె బడి సంచిలో ఇప్పటికే ఉంది. వచ్చే ఆదివారం అంటోంది.