‘డీప్ రెడ్’లో అద్దం: క్లూనా, కనికట్టా?

రెండో ఆట:
సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి. హంతకురాలెవరో చెప్పకుండా ఈ గొడవ తేలదు.

డారియో అర్జెంటో 1975లో తీసిన ఇటాలియన్ జాల్లో, అంటే హత్యల మిస్టరీ సినిమా, ‘డీప్ రెడ్’. మార్కస్ అనే పియానో వాద్యకారుడు రాత్రివేళ చౌరస్తాలో నిలబడి ఉండగా, పైఅంతస్తు కిటికీలో హెల్గా అనే ఆవిడ హత్య కళ్లబడుతుంది. పరిగెత్తుకెళ్తాడు. నడవా గోడల నిండా పెయింటింగులు. తర్వాత అందులో ఒకటి మాయమైందని సినిమా అంతా బుర్ర బద్దలుకొట్టుకుంటాడు. చివరికి తేలేదేంటంటే అది పెయింటింగ్ కాదు, అద్దం. అందులో కనబడింది అక్కడే నక్కిన హంతకురాలి మొహం. ఆ మొహాన్ని మనకీ మొదట్లోనే చూపించాడట, అందుకని అందరూ చప్పట్లు. రెప్పపాటులో పోయేదాన్ని క్లూ అంటే ఎలాగండీ?

పాతరీలు:
చూపించాక మోసం ఎక్కడుంది? నేను వెనక్కి వెళ్లి, ఆపి మరీ చూశాను. బొమ్మల్లోని మొహాల మధ్య ఆవిడ మొహం నిక్షేపంగా ఉంది. 1970లో తీసిన మొదటి సినిమాలోనూ ఆయనది ఇదే పని: ఆర్ట్ గ్యాలరీలో పెనుగులాట చూపిస్తాడు, కత్తి ఎవరి చేతిలో ఉందో హీరో తప్పుగా అర్థం చేసుకుంటాడు.

రెండో ఆట:
1975లో హాల్లో కూర్చున్నవాడి చేతిలో రిమోట్ ఉందా సార్? అసలు జాల్లో అంటే పసుపు. 1929 నుంచి మొండదోరి సంస్థ పసుపు అట్టలతో వేసిన క్రైమ్ నవలల వల్ల వచ్చిన పేరు. ఆ నవలల్లో అనుమానం వస్తే పేజీ వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఇంకో ముచ్చట, హత్యల సీన్లలో కనబడే నల్ల గ్లౌజుల చేతులు దర్శకుడివే. చేతులు ఆయనవి, దొరికిపోయింది పెద్దావిడ!

వంటింటి డిటెక్టివ్:
మీరిద్దరూ అద్దం ముందే ఆగిపోయారు. నా దృష్టిలో గట్టి క్లూ చౌరస్తాలోనే ఉంది. హెల్గా కేక వినిపించినప్పుడు మార్కస్ పక్కన ఉన్నదెవరు? తాగి కూర్చున్న అతని స్నేహితుడు కార్లో. అంటే అతను హంతకుడు కాలేడు, ఆ మాట సినిమా మొదట్లోనే కళ్లకు కట్టినట్టు చెప్పింది. అయినా చివర్లో అతను తుపాకీ పట్టుకుని రాగానే అందరం నమ్మేశాం. నేనైతే ఇక ఇంతే అనుకుని లేవబోయాను కూడా. మార్కస్‌కి ఆ సంగతి గుర్తొచ్చాకే కార్లో తల్లి బయటపడుతుంది.

పాడుబడ్డ బంగళాలో గోడ గీకే సీను కూడా చూడండి. పిల్లాడిగా ఉన్నప్పుడు కార్లో గీసిన హత్య బొమ్మ కొంత చూసి మార్కస్ వెళ్లిపోతాడు. తర్వాత పెచ్చు ఊడిపడి మిగతాది బయటపడుతుంది. అది మనకే కనబడుతుంది, అతనికి కాదు. దాచేవాడు ఇలా చేస్తాడా?

రెండో ఆట:
కార్లో సంగతి ఒప్పుకుంటున్నా, నాకు తట్టలేదు. కానీ కార్లో కాదని తెలిస్తే తల్లే అని ఎలా తెలుస్తుంది? తనని మళ్లీ పిచ్చాసుపత్రికి పంపబోయిన భర్తను పిల్లాడి ముందే పొడిచిందని చివర్లో గానీ చెప్పరు. మొదట్లో చూపించే క్రిస్మస్ సీనులో ఉన్నవి నీడలు, కత్తి, పిల్లాడి బూట్లు, అంతే. పిల్లాడే చంపాడనుకోమనేగా?

వంటింటి డిటెక్టివ్:
అక్కడ మీ మాట నిజమే. ఎందుకు చంపిందో మనంతట మనం పట్టుకోలేం. అద్దం చూస్తే ఎవరో తెలుస్తుంది, ఎందుకో తెలియదు.

పాతరీలు:
ఇంతకీ మీరు చూసింది ఏ ప్రింట్? విదేశాలకు పంపినదాంట్లో ఇరవై నిమిషాలకు పైగా కోశారు. పోయినవి ఎక్కువగా మార్కస్, విలేకరి జియాన్నాల సరదా సీన్లే.

రెండో ఆట:
పూర్తిదే, రెండు గంటల పైచిలుకు. సరే, అద్దం వదిలేస్తున్నా. తర్వాత హత్యకు గురయ్యే ప్రొఫెసర్ గదిలోకి నవ్వుతూ పరిగెత్తుకొచ్చే ఆ మరబొమ్మ సంగతి చెప్పండి. అంత వయసున్నావిడ దాన్ని ఎక్కడ కొన్నది, ఎలా మోసుకొచ్చింది, కీ ఎప్పుడు ఇచ్చింది?

పాతరీలు:
దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు సార్. నాకైతే భయమేసింది, అంతవరకే.