జాతీయ గీతం వాయించలేదని కార్ల్ ముక్‌ని క్యాంపులో పెట్టారు... అసలు తప్పెవరిది?

పాత_రికార్డుల_పిచ్చోడు

మొన్న రాత్రి నిద్ర పట్టక పాత రికార్డింగులు వింటుంటే బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాళ్ళ మొట్టమొదటి రికార్డింగ్ తగిలింది, 1917 అక్టోబర్‌లో విక్టర్ కంపెనీ వాళ్ళు చేసింది, చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ చివరి భాగం. కండక్టర్ డాక్టర్ కార్ల్ ముక్. (కండక్టర్ అంటే టికెట్లు కొట్టేవాడు కాదు, ఆర్కెస్ట్రా ముందు నిలబడి నడిపించేవాడు.) ఈ రికార్డింగ్ అయ్యాక ఆర్నెల్లు తిరక్కుండా ఆయన్ని అమెరికా ప్రభుత్వం అరెస్టు చేసి జార్జియాలోని ఫోర్ట్ ఓగల్‌థార్ప్ క్యాంపులో పడేసిందని తెలిసి, ఇక నిద్ర పూర్తిగా పోయింది.

తెలియనివాళ్ళ కోసం కథ. ముక్ 1859లో డార్మ్‌స్టాట్‌లో పుట్టాడు, బెర్లిన్ రాయల్ ఒపేరాలో జర్మన్ చక్రవర్తి కైజర్ కొలువు చేశాడు, 1912 నుంచి బోస్టన్‌లో. 1917 ఏప్రిల్ 6న అమెరికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. అక్టోబర్ 30న ప్రావిడెన్స్‌లో కచేరీ. దానికి ముందు అక్కడి సంఘాల వాళ్ళు కొందరు 'స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్' (ఇప్పటి అమెరికా జాతీయ గీతం) వాయించండని కబురు పంపారు. ఆ కబురు అందింది ఆర్కెస్ట్రా యజమాని మేజర్ హెన్రీ హిగ్గిన్సన్‌కీ మేనేజర్ చార్లెస్ ఎల్లిస్‌కీ. వాళ్ళిద్దరూ టైమ్ లేదు, కుదరదు అని పక్కన పెట్టేశారు. ముక్ చెవిన కనీసం వెయ్యలేదు! తెల్లారేసరికి పేపర్లో ఏమొచ్చిందంటే, జర్మన్ కండక్టర్ మన గీతం వాయించనన్నాడు అని.

నా లెక్క ప్రకారం ఇక్కడ మొదటి దోషి హిగ్గిన్సనే, ముక్ కాదు. మీరేమంటారు?

గుంటూరోడు_1979

గురూ నువ్వు చెప్పిన కథలో సగం బానే ఉంది కానీ మిగతా సగం మింగేశావ్. గొడవ మొదలయ్యాక ముక్ ఊరుకున్నాడా? సింఫనీ అంటే మిలిటరీ బ్యాండ్ అనుకున్నారా, కళకి దేశంతో పనేంటి అన్నట్టు ఆయన మాటలు పేపర్లలో వచ్చాయి కదా. అవతల కుర్రాళ్ళు ఫ్రాన్స్ వెళ్ళే ఓడలెక్కుతుంటే, ఆ టైమ్‌లో ఇట్టాంటి మాటలు ఎవడు పడతాడు? పైగా కైజర్‌తో పరిచయం ఉన్నవాడు. ఏ దేశమైనా అదే చేస్తుంది. మన దగ్గర 1962లో చైనా వాళ్ళ మూలాలున్నాయని దాదాపు 3 వేల మందిని రాజస్థాన్‌లో దేవ్‌లీ క్యాంపుకి తోలలేదా? తప్పా ఒప్పా తర్వాత, యుద్ధంలో ప్రభుత్వాలు ఇట్టానే ఆలోచిస్తాయి.

లాయరమ్మ

గుంటూరు గారూ, "తప్పా ఒప్పా తర్వాత" అంటే ఎలా అండీ, ఈ చర్చ దాని గురించే కదా. దేవ్‌లీలో పెట్టినవాళ్ళల్లో ఇండియాలో పుట్టి పెరిగినవాళ్ళే బోలెడుమంది, చంటిపిల్లలతో సహా. దాన్ని మీరు సాక్ష్యంగా తెస్తే అది మీకే ఎదురు తిరుగుతుంది.

చట్టం సంగతి చెప్తా. ముక్‌ని పట్టుకున్నది 1798 నాటి ఏలియన్ ఎనిమీస్ యాక్ట్ కింద. అందులో శత్రుదేశపు పౌరులే కాదు, ఆ దేశంలో పుట్టినవాళ్ళు కూడా, అమెరికా పౌరసత్వం తీసుకోకపోతే, ప్రభుత్వం పట్టుకోవచ్చు అని ఉంది. ముక్ చేతిలో ఉన్నది స్విస్ పౌరసత్వం, చిన్నప్పుడు తండ్రి ద్వారా వచ్చింది. స్విట్జర్లాండ్ తటస్థ దేశం. మరి పుట్టింది జర్మనీలో కదా అంటారు, ఆయన పుట్టిన 1859లో జర్మన్ సామ్రాజ్యమే లేదు! 1871లో ఏర్పడింది. ఆయన పుట్టింది హెస్సె అనే చిన్న సంస్థానంలో. లేని దేశంలో ఎలా పుడతాడు చెప్పండి? ఇదంతా కోర్టులో వాదించి ఉంటే ఎంత బాగుండేది, కానీ ఈ చట్టం కింద నేరం రుజువు చెయ్యాల్సిన పనే లేదు, అదీ అసలు దరిద్రం. 2025లో ఇదే చట్టాన్ని మళ్ళీ బయటికి తీశారు, అక్కడున్న మనవాళ్ళు వార్తల్లో చూసే ఉంటారు.

సిద్దిపేట_శీను

లాయరక్కా మంచిగ చెప్పినవ్. గని నాకో డౌటు. అప్పట్ల ఆ పాట జాతీయ గీతమేనా అసలు? నేను సూస్తే 1931ల గాని దాన్ని అధికారికంగ జేయలే అని ఉన్నది. అంటే జాతీయ గీతమే గాని పాటను వాయించలేదని గింత లొల్లి జేసిండ్రా?

పాత_రికార్డుల_పిచ్చోడు

శీనూ కరెక్టు. సైన్యంలో వాడుక ఉంది, జనంలో మోజుంది, కానీ చట్టం లేదు. ఇంకో సంగతి, నవంబర్ 2న బోస్టన్ కచేరీలో హిగ్గిన్సన్ స్వయంగా లేచి గీతం వాయిస్తాం అని ప్రకటించాడు, ముక్ రాజీనామా ఇస్తానన్నాడని కూడా చెప్పాడు. ఆ రోజునుంచీ వాయిస్తూనే ఉన్నారు. అంటే ముక్ చేత్తో ఆ పాట నడిపించాడు. అయినా బాల్టిమోర్‌లో మాజీ గవర్నర్ వార్‌ఫీల్డ్ జనాన్ని పోగేసి కచేరీ జరగనివ్వలేదు, ఆ పాట పుట్టిన ఊరే బాల్టిమోర్ లెండి, వాళ్ళ పౌరుషం వాళ్ళది. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా ముక్ మీద విరుచుకుపడ్డాడు. వాయించకపోతే తప్పు, వాయించినా తప్పు.

ఇక ఈ మంట పెట్టిన ప్రావిడెన్స్ జర్నల్ ఎడిటర్ జాన్ రాథమ్, ఈయన ఆస్ట్రేలియాలో పుట్టినవాడు, తన మనుషులు జర్మన్ గూఢచారుల్ని ఎలా పట్టుకున్నారో దేశమంతా తిరిగి కథలు చెప్పేవాడు. ఆ కథల్లో చాలావరకు కల్పితాలని 1918లో న్యాయశాఖకి తానే రాసిచ్చాడు. అది జనానికి తెలిసింది 1920లో! అప్పటికి ముక్ జర్మనీ వెళ్ళిపోయి ఏడాది దాటింది.

ఛార్లెస్_నది_ఒడ్డున

నేను బోస్టన్‌కి దగ్గర్లోనే ఉంటాను, సింఫనీ హాల్‌కి ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్తాం. హిగ్గిన్సన్‌ని ఇలా ఒక్క మాటలో దోషి అనేస్తుంటే బాధగా ఉంది. 1881లో ఆర్కెస్ట్రా పెట్టింది ఆయన, ఏటా నష్టం వస్తే తన జేబులోంచి పూడ్చింది ఆయన, సివిల్ వార్‌లో పోరాడి మేజర్ అయిన మనిషి, అలాంటి మనిషికి దేశభక్తి ఎవరో నేర్పాలా? 80 దాటిన వయసులో ఊరంతా ఒకవైపు ఉంటే ముక్‌ని ఉద్యోగంలోంచి తీసెయ్యకుండా నెలల తరబడి నిలబడ్డాడు. ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్నర్, ఇప్పుడు ఆవిడ పేరుతో మ్యూజియం ఉంది చూడండి, ఆవిడా ముక్ దంపతుల పక్షానే ఉంది. స్నేహితుడు జర్మన్ అని తెలిసి తలుపు మూసుకున్నవాళ్ళు ఎంతమందో ఆ రోజుల్లో.

1918 వసంతంలో ఆర్కెస్ట్రాని ట్రస్టీలకి అప్పగించేసి తప్పుకున్నాడు, 1919 నవంబర్‌లో పోయాడు. ఆయన కూడా ఓడిపోయినవాడే అండి.

పాత_రికార్డుల_పిచ్చోడు

మీ బాధ అర్థమైంది, ఆయన మంచివాడు కాదని నేనన్లేదు. కానీ మంచివాళ్ళు కాపాడాలనుకుని చేసే నష్టం వేరే రకంగా ఉంటుంది కదా. గీతం వాయించమంటే ఆర్కెస్ట్రానే మూసేస్తా అనే పంతానికి వెళ్ళింది ఎవరు? ఆ పంతం ముక్ నెత్తిన పడింది. యజమాని పరువు, కళ పరువు, సింఫనీ హాల్ పరువు అని వీళ్ళు లెక్కలేసుకున్నారు, వేలు చూపించింది మాత్రం జర్మన్ యాసలో మాట్లాడేవాడి వైపు. "కబురు నాకొచ్చింది, ఆయనకి చెప్పలేదు, తప్పు నాది" అన్న ఒక్క మాట దేశమంతా మోగేలా చెప్పుంటే? ముక్ నిరాకరించాడు అన్నదే జనంలో నిలిచిపోయింది, ఇవాళ్టికీ చాలాచోట్ల అలాగే రాస్తున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు కైజర్ మీద కోపం ఈయన మీద తీర్చుకున్నారు, సరే, కానీ ఆ దుత్తని తెచ్చి అందరి చేతికి అందేచోట పెట్టింది మనవాళ్ళే.

గుంటూరోడు_1979

అంతా హిగ్గిన్సన్ మీదకి తోసేశారు, బానే ఉంది. మరి చికాగోలో ఫ్రెడరిక్ స్టాక్ సంగతేంటి? ఆయనా జర్మనీలో పుట్టినవాడే. పౌరసత్వం కాగితాలు పూర్తి కాలేదని తనే పక్కకి తప్పుకుని, పని పూర్తిచేసుకుని మళ్ళీ వచ్చి ఏళ్ళ తరబడి దర్జాగా నడిపించుకున్నాడు. వయొలిన్ వాయించే క్రైస్లర్, ఆస్ట్రియా సైన్యంలో పనిచేసినవాడు, కచేరీలు మానేసి నోరు మూసుకుని కూర్చున్నాడు, ఆయన్నేం క్యాంపులో పెట్టలేదుగా. దారులున్నాయి. ముక్‌కి అహం ఎక్కువ, అంతే.

లాయరమ్మ

అహానికి శిక్ష ఏ సెక్షన్ కిందండీ?

సిద్దిపేట_శీను

😂😂 అక్క ఒక్క లైన్ల ఖతం జేసింది

గని గుంటూరన్నా, నువ్వు అసలు పాయింటు ఇడిసిపెట్టినవ్. ముక్‌ను పట్కపోయింది గీతం ముచ్చట మీద కాదు. 1918 మార్చి 25 రాత్రి, తెల్లారితే బాఖ్ 'సెయింట్ మాథ్యూ ప్యాషన్' కచేరీ ఉన్నది, రిహార్సల్ అయినంక పట్టుకున్నరు. స్వరాల కాయితం మీద ఆయన పెన్సిల్‌తోని గీసుకున్న గుర్తులు జూసి, ఇది గూఢచారుల కోడ్ అన్నరట! ఏడ ఆపాలె ఏడ పెంచాలె అని రాసుకున్న గుర్తులు గవి. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు.

ఇగ దొరికింది ఏందయ్యా అంటే లవ్ లెటర్లు. పెండ్లయిన మనిషి, బోస్టన్ల ఒక యువ గాయనికి రాసినయి. వాటిని సూపెట్టి, మర్యాదగ క్యాంపుకు పోతవా, లేకపోతే వేరే కేసు పెట్టాల్నా అని బెదిరించిండ్రు. గూఢచారి అని రుజువు దొరకలే, ఇజ్జత్ తీస్తమని దారికి తెచ్చిండ్రు. గా మనిషి మంచోడని నేను అంటలే. పెండ్లాం మొగం ఎట్ల జూసిండో ఏమో. కాని గది క్యాంపుల ఏడాదికి పైగ పెట్టే నేరమా?

పాత_రికార్డుల_పిచ్చోడు

శీను చెప్పిన దాంట్లో నన్ను పట్టుకున్నది అనీటా గారి సంగతే. ముక్ భార్య. భర్తని దేశమంతా గూఢచారి అంటుంటే ఆయన పక్కన నిలబడింది, క్యాంపు అయ్యాక 1919 ఆగస్టు 21న ఇద్దరినీ ఓడెక్కించి పంపేశారు, ఆ నవంబర్‌లోనే ఒక బోస్టన్ పేపర్ ఆ ఉత్తరాల కథని సీరియల్‌గా వేసింది. 1921లో ఆవిడ చనిపోయింది. ఈ మొత్తం వ్యవహారంలో ఏ వైపునా ఆమె చేసిన తప్పు ఒక్కటి చూపించండి.

గుంటూరోడు_1979

అనీటా గారి విషయంలో నోరెత్తను. కానీ ఇంకోటి చెప్పి పోతా. 1918 ఏప్రిల్ 5న ఇల్లినాయ్ కాలిన్స్‌విల్‌లో రాబర్ట్ ప్రేగర్ అనే జర్మన్ గని కార్మికుణ్ణి గుంపు పట్టుకెళ్ళి చెట్టుకి ఉరేసింది. ముక్‌ని క్యాంపుకి పంపాలని తేల్చింది ఆ మర్నాడే. బయట వదిలేసుంటే ఎవడేం చేసేవాడో? ఒకరకంగా క్యాంపే ప్రాణం కాపాడింది అనుకోకూడదా?

పైగా 1939లో 80వ పుట్టినరోజుకి హిట్లర్ చేతి బిరుదు తీసుకున్నాడు. అదీ చెప్పండి అందరికీ.

లాయరమ్మ

ప్రేగర్‌ని ఉరేసినవాళ్ళని జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. గుంపుని వదిలేసి, గుంపుకి భయపడేవాణ్ణి లోపల పెట్టడాన్ని రక్షణ అంటే ఆ మాటకి అర్థమేముంది. హిట్లర్ బిరుదు నిజమే, దాన్ని దాచాల్సిన పనిలేదు, సమర్థించాల్సిన పనీ లేదు. కానీ 1939లో చేసినదానికి 1918లో శిక్ష వెయ్యలేం కదా సార్.

ఛార్లెస్_నది_ఒడ్డున

ఒక్కటి అడగాలనిపించింది. అదే 1917-18 చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మన గదర్ పార్టీ వాళ్ళ మీద కేసు నడిచింది, జర్మనీతో కలిసి కుట్ర చేశారని. మన దర్శి చెంచయ్య గారు కూడా అమెరికాలో చదువుకుంటూ గదర్‌లో చేరి, యుద్ధకాలంలో పట్టుబడి ఏళ్ళ తరబడి జైల్లో మగ్గారు కదా. వాళ్ళు నిజంగానే బ్రిటిష్ వాళ్ళ మీద తిరగబడినవాళ్ళు, అది గర్వంగా చెప్పుకుంటాం. ముక్ చేసింది ఏమీ లేదు. ఏమీ చెయ్యనివాణ్ణి తలుచుకోవడానికి ఎవరికీ కారణం ఉండదేమో, అందుకే బోస్టన్‌లో కూడా నేను కదిలించినవాళ్ళల్లో ఒక్కరికీ ఈయన పేరు తెలియలేదు.

సిద్దిపేట_శీను

క్యాంపుల ఏం జేసిండన్నా ఆయన ఏడాది పొడుగూత?

పాత_రికార్డుల_పిచ్చోడు

చాన్నాళ్ళు కండక్టర్ కర్ర ముట్టుకోలేదట. అక్కడ లోపలున్న సంగీతకారులు తక్కువేం కాదు, సిన్సినాటి కండక్టర్ ఎర్నెస్ట్ కున్‌వాల్డ్ కూడా అక్కడే. చివరికి బతిమాలితే 1918 డిసెంబర్‌లో, అప్పటికి యుద్ధం ఆగి నెల దాటింది, ముళ్ళకంచె లోపల ఖైదీల ఆర్కెస్ట్రాతో బీథోవెన్ 'ఎరోయికా' నడిపించాడు. దాని రికార్డింగ్ ఉండే ఛాన్సే లేదు. నేను పైన చెప్పిన చైకోవ్‌స్కీ మాత్రం దొరుకుతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, గరగర ఎక్కువ.