గెడ్డ పక్కన గడ్డిమందు ఆపాలంటే ముందు రుజువు కావాలా?

గెడ్డొడ్డు రైతు:
మాది ఒడిశా రాయగడ జిల్లా, గుణుపురం అవతల చిన్న ఊరు. ఊరి పక్కన గెడ్డ, అంటే చిన్న వాగు, పోయి వంశధారలో కలుస్తుంది. పత్తి మొదలెట్టాక కలుపుకి కూలీలు దొరక్క అందరం గడ్డిమందుకి అలవాటు పడ్డాం, నేనూ కొట్టాను. ఇప్పుడు ఊరి మీటింగులో ఒక మాట వచ్చింది. గెడ్డకి, తాగునీటి బావికి వంద గజాల లోపు ఈ ఖరీఫ్‌లో ఎవరూ గడ్డిమందు కొట్టకూడదు, నీళ్ళు పరీక్ష చేయించాక చూద్దాం అని. సగం మంది సరే అన్నారు, మిగతా సగం "నీళ్ళలో మందుందని ఎవరు చూశారు, రుజువు లేకుండా మా పని ఎలా ఆపుతారు" అంటున్నారు. మీరేమంటారు?

బిస్సంకటక్ పత్తి:
నేను ఆపొద్దనే అంటాను అన్నయ్యా. వానలు పట్టుకున్నాయంటే పది రోజుల్లో పత్తి కనపడదు, గడ్డే కనపడుతుంది. ఆ పది రోజుల్లో మనిషి దొరకడు, దొరికినా ఎకరానికయ్యే కూలి నాలాంటివాడు తట్టుకోలేడు. భయం మీద నిర్ణయాలు చేస్తే ఏమవుతుందో శ్రీలంకలో చూశాం. 2021లో ఎరువులు, మందులు ఒక్కసారిగా ఆపేశారు, వరి దిగుబడి పడిపోయింది, అదే ఏడాది నవంబరుకి వెనక్కి తగ్గారు. పైగా ఇవి సర్కారు అనుమతించి దుకాణంలో అమ్మే మందులు.

పద్మపూర్ మాస్టారు:
బాబూ, అనుమతి ఉందంటే హాని లేదని కాదు. ఎండోసల్ఫాన్‌కీ అనుమతి ఉండేది. కేరళ కాసరగోడ్ జీడితోటల మీద ఆ పురుగుమందుని ఇరవై ఏళ్ళకు పైగా హెలికాప్టర్లతో చల్లారు, సుప్రీంకోర్టు దేశమంతటా ఆపించింది 2011లో. అప్పటికి అక్కడ పుట్టిన పిల్లల పరిస్థితి చూసినవాడెవడూ రుజువు వచ్చేదాకా ఆగుదాం అనలేడు. గ్లైఫోసేట్‌దీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఆ గడ్డిమందుని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది, 2022 అక్టోబరులో మన కేంద్రమే లైసెన్సున్న పురుగు నివారణ వాళ్ళు తప్ప ఎవరూ వాడకూడదంది. పారాక్వాట్ అనే ఇంకో గడ్డిమందు యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి లేదు, కడుపులోకి పోతే దానికి విరుగుడే లేదు.

రుజువు ఎవరు చూపించాలన్నది అసలు ప్రశ్న. ప్రపంచ దేశాలు ఒప్పుకున్న 1992 రియో పర్యావరణ ప్రకటన 15వ సూత్రం ఏమందంటే, పెద్ద నష్టం జరిగే ప్రమాదం ఉన్నప్పుడు, పూర్తి శాస్త్రీయ నిర్ధారణ లేదన్న సాకుతో నివారణ వాయిదా వేయకూడదని. వెల్లూరు తోళ్ళ ఫ్యాక్టరీల కేసులో 1996లో సుప్రీంకోర్టు దీన్ని మన చట్టంలో భాగమని చెప్పి, తన పని వల్ల హాని లేదని చూపించాల్సింది ఆ పని చేసేవాడే అంది. హైదరాబాద్ గండిపేట, హిమాయత్ సాగర్ నీళ్ళ కేసులో 1999లో మళ్ళీ అదే మాట. కాబట్టి నీళ్ళు తాగేవాళ్ళని రుజువు తెమ్మనడం తిరగేసి అడగడమే.

బిస్సంకటక్ పత్తి:
మాస్టారూ, మీరు చెప్పిన తీర్పులు ఫ్యాక్టరీల మీద. మందు తయారు చేసేవాడిని అడగండి, నేనూ మీతో వస్తాను. కానీ ఇక్కడ ఆగేది ఎవరి పని? గెడ్డ పక్కన పొలం చెక్కలు ఎవరివో ఊళ్ళో అందరికీ తెలుసు. మెట్ట మీద పదెకరాలున్నవాడికి ఈ రూలు తగలదు. ఎకరం, అరెకరం ఉన్న సవర కుటుంబాలు, మాల కుటుంబాలు ఆగాలి. జాగ్రత్త ఊరందరికీ, ఖర్చు వాళ్ళకేనా? నా కోపమంతా అక్కడే.

ఆశా పిన్ని:
నేను ఆశా వర్కర్ని, ఇంటింటికీ తిరుగుతాను, కోర్టుల సంగతి నాకు తెలియదు. ఒక కోడలుంది, మగడు కూలికి కేరళ పోతే తనే ట్యాంకు వీపున కట్టుకుని మందు కొడుతుంది. ట్యాంకు కారుతుంది. చేతి గోళ్ళు తెల్లబడి, రెండు ఊడిపోయాయి, చేతికి గ్లోవ్సు ఎవరూ ఇవ్వలేదు. మందు డబ్బా ఖాళీ అయితే కడిగి అదే డబ్బాతో బావి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్నారు, నేను రెండిళ్ళలో లాక్కుని బద్దలుకొట్టాను. ఇంకోటి, ఎవరూ లెక్కలో వేయనిది. వానాకాలంలో చేలగట్ల మీద గలిజేరు, పొన్నగంటి, చెంచలి కూర కోసుకొచ్చి వండుకునే ఇళ్ళున్నాయి. మందు పడ్డాక ఆ కూరలు లేవు, ఉన్నచోట కోయడానికి భయం. గడ్డి అని మనం చంపేది వాళ్ళ కూర.

పద్మపూర్ మాస్టారు:
బిస్సంకటక్ బాబు అడిగింది న్యాయమే, దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. ఖర్చు ఊరు పంచుకోకపోతే ఈ తీర్మానానికి నేనూ ఒప్పుకోను. అలాగని తీర్మానమే వద్దనొద్దు. 2013లో నియమగిరి మీద మన జిల్లాలో ఏడు, కలహండిలో అయిదు గ్రామసభలు పెడితే పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. కొండ పోతే ఊటలు పోతాయని ఏ ల్యాబు కాగితమూ చేత్తో పట్టుకోకుండానే చెప్పారు.

గెడ్డొడ్డు రైతు:
మా చెక్క ఎకరంబావు గెడ్డ ఒడ్డునే ఉంది, ఇందాక చెప్పలేదు. సోమవారం మీటింగులో ఇలా అడుగుతాను: వంద గజాల లోపు ఉన్న చేలన్నింటికీ రెండు కలుపులు ఊరంతా కలిసి తీయాలి, ఇంటికొక మనిషి, మెట్ట రైతులు మనిషినైనా పంపాలి, కూలైనా ఇవ్వాలి. అది ఒప్పుకుంటే మొదట నా చేలో మందు ఆపుతాను. పిన్నీ, ఆ డబ్బాల సంగతి మీరే వచ్చి చెప్పండి, నేను చెప్తే వినరు.

బిస్సంకటక్ పత్తి:
కూలి రాసుకుని సంతకాలు పెట్టించు అన్నయ్యా. నోటిమాటైతే ఆషాఢం దాటేసరికి ఎవరూ రారు.